తిట్టినవాణ్ణి వదిలేయండి, మా పాప దారి కాసేవాణ్ణి పట్టుకోండి: ఇద్దరు డీజీపీ గార్లకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డీజీపీ గార్లకి నమస్కారం.

నేను కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంటానండి, ప్రైవేట్ స్కూల్లో పదహారేళ్ళుగా లెక్కలు చెప్తున్నా. ఏ పార్టీలోనూ లేను, ఓటు మాత్రం ప్రతిసారీ వేస్తా. ఊరి పేరు, స్టేషన్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక స్టేషన్ మీదో ఒక ఆఫీసర్ మీదో పితూరీ కాదు, రెండు రాష్ట్రాల్లోనూ ఇదే జరుగుతోంది కాబట్టి ఇద్దరికీ కలిపి రాస్తున్నా.

ఎండాకాలంలో మా వార్డులో కుళాయి నీళ్ళు వారం పాటు పసుపు రంగులో వచ్చాయి, బిందెలో పట్టి ఒక గంట కదపకుండా ఉంచితే అడుగున వేలెడు మడ్డి. ఆ బిందె ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి, పైప్‌లైన్ ఎప్పుడు మారుస్తారు, అప్పటిదాకా ట్యాంకర్ అయినా పంపండి అని నాలుగు లైన్లు రాశా, అంతే. దాన్నెవరో ఒక రాజకీయ గ్రూపులో షేర్ చేశారు, సాయంత్రానికల్లా కింద కామెంట్లు రెండొందలు దాటాయి. నేనెవరికి అమ్ముడుపోయానో, నా కులమేంటో, నా మొహం ఎలా ఉందో, నా మొగుడు నన్నెందుకు అదుపులో పెట్టుకోలేదో అన్నీ రాశారు. చదివి ఏడ్చా, నిజమే, మా ఆయన ఫోన్ లాక్కుని పక్కన పెట్టారు. కానీ ఆ తిట్ల మీద నేను కంప్లైంట్ ఇవ్వలేదండి, ఇవ్వాలని ఇప్పటికీ లేదు. నోరు పారేసుకున్న ప్రతివాణ్ణీ స్టేషన్‌కి ఈడ్చుకుపోతే రేపు నా నోరూ లేవదు, ఆ సంగతి నాకు తెలుసు.

నేను కంప్లైంట్ ఇచ్చింది మూడే మూడు కామెంట్ల మీద. మూడూ ఒకే అకౌంట్ నుంచి, దానికి పేరూ లేదు మొహమూ లేదు, ఒక సింహం బొమ్మ ఉంది. మొదటిది బూతు, నా మీద ఏం చేయాలో వివరంగా రాశాడు, ఇక్కడ రాయలేను. రెండోది, మా ఇంటి గేటు రంగు చెప్పి, రాత్రి బయట లైటు వేసి ఉంచుకోమన్నాడు. మూడోది చదివాక ఆ రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. "ట్యూషన్ ఏడింటికి అయిపోద్ది, పాప గుడి పక్క సందులోంచి వస్తుంది కదా టీచరమ్మా." అంతే ఉంది అందులో. ఒక్క బూతు లేదు, చంపుతాననీ కొడతాననీ లేదు. మా పాప తొమ్మిదో తరగతి, ఏడింటికి గుడి పక్క సందులోంచే వస్తుంది.

పొద్దున్నే ప్రింటవుట్లు తీసుకుని స్టేషన్‌కి వెళ్ళాం. నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. కాగితాలు చూసి, మూడోదాంట్లో తప్పేముంది మేడం, ఎవరో తెలిసినవాళ్ళే అడిగినట్టుంది అన్నారు. రెండోదానికి, బెదిరింపు సెక్షన్ నాన్ కాగ్నిజబుల్ అండి, కోర్టు పర్మిషన్ లేకుండా మేము దర్యాప్తు చేయకూడదు అన్నారు. చివరికి అందరూ చెప్పే మాటే చెప్పారు, ఆడపిల్ల తల్లి, మీకెందుకండీ ఇవన్నీ, ఆ పోస్టు తీసేసి అకౌంట్ డియాక్టివేట్ చేసుకోండి అని. కాగితాలు తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. నాలుగో రోజుకి ఆ సింహం బొమ్మ అకౌంట్ మాయమైపోయింది. కంప్లైంట్ ఇచ్చినట్టు వాడికెలా తెలిసిందో నాకు తెలీదు.

అదే నెలలో మా ఊళ్ళోనే నా పాత స్టూడెంట్ ఒకణ్ణి, డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాడు, ఒక నాయకుడి ఫొటో మీద మీమ్ షేర్ చేశాడని తెల్లవారుజామున ఇంటికొచ్చి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ మీమ్ నేను చూశా, నాకు నచ్చలేదు, మంచి టేస్టు కాదది, వాడు కనిపించాక మొహం మీదే తిట్టా. కానీ వాడు ఎవర్నీ బెదిరించలేదు, ఎవరింటి దారీ రాయలేదు. వాడి ఫోన్ గంటల్లో దొరికింది, వాడు ఏ టవర్ కింద ఉన్నాడో గంటల్లో దొరికింది. అంటే మీ దగ్గర మనుషులున్నారు, టెక్నాలజీ ఉంది, తలుచుకుంటే స్పీడూ ఉంది. ఆ స్పీడు ఎవరి కోసం అన్నదే నేను అడగడానికి వచ్చిన ప్రశ్న.

నేను లాయర్ని కాదు, కానీ ఈ ఐదు నెలల్లో దొరికినవన్నీ చదివా, మా స్కూల్ కరెస్పాండెంట్ గారి తమ్ముడు అడ్వకేటు, ఆయన బుర్ర తినేశా. నాకు అర్థమైంది చెప్తా, తప్పుంటే దిద్దండి.

2012 నవంబర్‌లో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై అంతా బంద్ ఎందుకు అని మహారాష్ట్ర పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, ఇంకో అమ్మాయి దానికి లైక్ కొడితే, ఇద్దర్నీ అరెస్ట్ చేశారు, ఐటీ చట్టం 66ఎ కూడా పెట్టారు. చిరాకు కలిగించే, ఇబ్బంది కలిగించే మెసేజ్ పంపితే మూడేళ్ళ జైలు అని ఆ సెక్షన్‌లో ఉండేది. చిరాకంటే ఎవరి చిరాకు, ఎంత చిరాకు అన్నది ఎక్కడా లేదు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో దాన్ని మొత్తంగా కొట్టేసింది. ఆ బెంచ్‌లో ఇద్దరు జడ్జిలు, ఒకరు తీర్పు రాసిన నారిమన్ గారు, ఇంకొకరు మన కృష్ణా జిల్లాకి చెందిన జాస్తి చలమేశ్వర్ గారు. చర్చించడం వేరు, ఒక అభిప్రాయాన్ని గట్టిగా వాదించడం వేరు, నేరానికి ఉసిగొల్పడం వేరు, మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా హక్కే, మూడోదాని దగ్గరే చట్టం చెయ్యి వేయాలి అని అందులో ఉంది. రాజ్యాంగంలో 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇస్తే 19(2) దానికి హద్దులు చెప్తుంది, దేశ భద్రత, పబ్లిక్ ఆర్డర్, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరేపించడం ఇలాంటివి. ఆ లిస్టులో నాయకుడి మనసు నొచ్చుకోవడం అనేది లేదండి, నేను రెండుసార్లు చదివా.

అయినా కొట్టేసిన సెక్షన్ కింద కూడా ఏళ్ళ తరబడి కేసులు పెడుతూనే ఉన్నారు, 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ ఆర్డర్ ఇవ్వాల్సొచ్చింది, 66ఎ కింద ఎవర్నీ ప్రాసిక్యూట్ చేయొద్దని. కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్ ముఖ్యమంత్రి మీద కార్టూన్ ఫార్వర్డ్ చేసినందుకు 2012లో అరెస్టయితే ఆ కేసు నుంచి బయటపడేసరికి 2023 జనవరి వచ్చింది. పదకొండేళ్ళు సార్, ఒక కార్టూన్‌కి.

ఇప్పుడు మన దగ్గరి సంగతి. 2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది, మాట మీద, రాత మీద కేసు వచ్చినప్పుడు మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే సెక్షన్ అయితే ముందు ప్రాథమిక విచారణ చేసుకోండి, బీఎన్ఎస్ఎస్ (అంటే పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం, పోలీసులు కేసు ఎలా నడపాలో చెప్పేది) 173(3) అందుకే ఉంది అని. మాట ప్రభావాన్ని ధైర్యం, నిబ్బరం ఉన్న మనిషి కళ్ళతో చూడాలి గానీ ప్రతిదానికీ వణికే మనిషి కళ్ళతో కాదు అని కూడా అన్నారు. ఆ బెంచ్‌లో ఉన్న ఉజ్జల్ భుయాన్ గారు అంతకుముందు తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా చేసినాయనే. అదే సంవత్సరం సెప్టెంబర్ 10న తెలంగాణ హైకోర్టు ఇంకా విడమర్చి చెప్పింది, సోషల్ మీడియా పోస్టుల మీద కంప్లైంట్ వస్తే ఇచ్చినవాళ్ళకి అసలు కంప్లైంట్ ఇచ్చే హక్కు ఉందో లేదో చూడండి, కటువైన రాజకీయ విమర్శ మీద గుడ్డిగా ఎఫ్ఐఆర్ కట్టొద్దు, ఆటోమేటిక్‌గా అరెస్టులు వద్దు, సున్నితమైన కేసుల్లో ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్ సలహా తీసుకోండి అని. ఇవన్నీ నా స్టూడెంట్ లాంటి పిల్లల కోసం ఉన్న రక్షణలు. నేను వాటికి వందశాతం సపోర్ట్.

మరి నాకేముంది అని వెతికితే, నాకూ ఉంది. పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 351, నేరపూరిత బెదిరింపు, మామూలుగా రెండేళ్ళు, చంపుతాననో తీవ్రంగా గాయపరుస్తాననో బెదిరించినా, ఆడదాని శీలానికి మచ్చ అంటగడతానని బెదిరించినా ఏడేళ్ళ దాకా. పేరు దాచుకుని బెదిరిస్తే 351(4) కింద దానికి అదనంగా ఇంకో రెండేళ్ళు. స్టేషన్లో చెప్పింది అబద్ధమేమీ కాదు, కేంద్ర చట్టం షెడ్యూల్లో 351 నాన్ కాగ్నిజబులే. కానీ వాళ్ళు చెప్పనిది ఒకటుంది. నా మొదటి కామెంట్, ఆ బూతు, అదే సంహితలో సెక్షన్ 79 కిందకి వస్తుంది, ఆడవాళ్ళ గౌరవాన్ని కించపరిచే మాటలు, మూడేళ్ళ దాకా శిక్ష, అది కాగ్నిజబుల్. బీఎన్ఎస్ఎస్ 174(4) ఏం చెప్తుందంటే, ఒక కేసులో నాలుగు నేరాలుండి ఒక్కటి కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసు కాగ్నిజబులే. అంటే మొదటి కామెంట్‌ని పట్టుకుని మూడింటి మీదా ఆ రోజే ఎఫ్ఐఆర్ కట్టొచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఈ ముక్క లెక్కల టీచర్‌కి ఐదు నెలలకి తెలిసింది, డ్యూటీలో ఉన్న ఆఫీసర్‌కి మొదటి ఐదు నిమిషాల్లో తెలియాలి కదండీ.

బెదిరింపుని ఎలా గుర్తుపట్టాలి అంటారేమో, మనది అసలే నరికేస్తా, తోలు తీస్తా అని పొద్దున్నుంచి రాత్రిదాకా మాట్లాడే జాతి. మా అమ్మ నన్ను చిన్నప్పుడు రోజుకి పదిసార్లు చంపేసేది నోటితో, నేనూ క్లాసులో హోంవర్క్ చేయకపోతే చంపేస్తా అంటా. సినిమా డైలాగులు, ఎలక్షన్ మీటింగుల్లో తొడగొట్టడాలు, ఇవన్నీ పట్టుకుంటే జైళ్ళు చాలవు, పట్టుకోకూడదు కూడా. నా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, వాడితో దీని గురించి మాట్లాడుతుంటే అక్కడివి రెండు కేసులు చెప్పాడు, నేను తర్వాత చదివా. 1966లో వియత్నాం యుద్ధం టైంలో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు వాట్స్ ఒక సభలో, నా చేతికి తుపాకీ ఇస్తే ముందు గురిపెట్టేది ప్రెసిడెంట్ జాన్సన్‌కే అన్నాడు, విన్నవాళ్ళు నవ్వారు. కింది కోర్టు శిక్ష వేస్తే 1969లో వాళ్ళ సుప్రీంకోర్టు కొట్టేసింది, అది కోపంలో పెంచి మాట్లాడిన రాజకీయ మాట, బెదిరింపు కాదు అని. రెండోది 2023 జూన్ 27న వచ్చిన కౌంటర్‌మన్ కేసు. కొలరాడోలో ఒక గాయనికి తెలియని మనిషి ఫేస్‌బుక్‌లో వందల మెసేజ్‌లు పెట్టాడు, బ్లాక్ చేస్తే కొత్త అకౌంట్‌తో మళ్ళీ వచ్చేవాడు. అందులో ఒక మెసేజ్ ఏంటంటే, తెల్ల జీపులో వెళ్ళింది నువ్వేనా అని. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అందులోనూ బూతు లేదు, చంపుతాననీ లేదు, నిన్ను చూస్తున్నా అని మాత్రమే ఉంది. ఆమె ఒంటరిగా నడవడం మానేసింది, కొన్ని ప్రోగ్రాంలు రద్దు చేసుకుంది. ఆ కేసులో కోర్టు శిక్షని పక్కనపెట్టింది, కానీ ఎందుకో చూడండి, బెదిరింపు హక్కు కాదు, అది శిక్షించదగ్గదే, అయితే తన మాట అవతలి మనిషిని భయపెడుతుందని తెలిసీ లెక్కచేయకుండా అన్నాడని కనీసం రుజువు చేయండి అని. మాట్లాడే స్వేచ్ఛకి అంత పీట వేసే దేశంలో కూడా హద్దు అక్కడుంది.

నా రెండొందల కామెంట్లకి ఆ కొలత పెట్టి చూడండి. నన్ను ఊళ్ళోంచి తరిమేయాలి అని రాసినవాడు వాట్స్ లాంటివాడు, వాడి కోపం వాడిది. పాప ఏ సందులోంచి వస్తుందో రాసినవాడు భయపెడుతున్నానని తెలిసే రాశాడు. మాట ఎంత గట్టిగా ఉందన్నది కాదండీ చూడాల్సింది, ఎవరి గురించి, ఎంత వివరంగా, ఎన్నిసార్లు, వెంటపడి అన్నాడా, వాడి చేతికి మేము అందుతామా, అది. మన స్టేషన్లలో తలకిందులుగా జరుగుతోంది, బూతు గట్టిగా ఉంటే సీరియస్, నెమ్మదిగా ఉంటే తెలిసినవాళ్ళేమో.

2020లో ఆంధ్ర హైకోర్టు జడ్జిల మీద సోషల్ మీడియాలో దారుణంగా రాస్తే అక్టోబర్‌లో హైకోర్టే దర్యాప్తుని సీబీఐకి ఇచ్చింది. నేను దాన్ని తప్పుపట్టట్లేదు, జడ్జిలని భయపెడితే తీర్పులు మారిపోతాయి. కానీ జడ్జిలకే సీబీఐ దాకా పోవాల్సొస్తే, వార్డు కుళాయి గురించి రాసిన ఆడమనిషి ఎక్కడికి పోవాలి చెప్పండి. హైదరాబాద్‌లో 2014లో షీ టీమ్స్ పెట్టినప్పుడు మా ఆడపడుచు కూతురు అక్కడే చదివేది, బస్టాప్‌లో వెంటపడ్డవాడి మీద ఒక్క మెసేజ్ పెడితే మఫ్టీలో వచ్చి పట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అదే పిల్లకి నిరుడు ఎవడో ఫేక్ అకౌంట్‌తో హాస్టల్ రూం నంబర్ రాసి మెసేజ్ పెడితే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిప్పారు, మా పరిధి కాదని. జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే రాసి ఉంది, బీఎన్ఎస్ఎస్ 173(1), నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా తీసుకోవాలి. వీధిలో వెంటపడ్డవాడికి ఉన్న భయం ఫోన్‌లో వెంటపడ్డవాడికి లేకుండా పోయింది.

నేను అడిగేది కొత్త చట్టం కాదండి. కొత్త చట్టం అంటేనే నాకు భయం, అది మళ్ళీ నా స్టూడెంట్ మీదకే వస్తుంది, అధికారంలో ఎవరున్నా, ఆ పార్టీ ఈ పార్టీ అని లేదు, అన్ని టైముల్లోనూ చూశాం. ఉన్నవాటినే సరైన మనిషి మీద వాడండి. ఆన్‌లైన్ బెదిరింపు కంప్లైంట్ వస్తే ఆ పూటే రసీదు ఇవ్వమని చెప్పండి. నాయకుడి మీద పోస్టు అని ఎవరో ద్వితీయ శ్రేణి లీడర్ వచ్చి కంప్లైంట్ ఇస్తే కోర్టులు చెప్పిన ఆ ప్రాథమిక విచారణ నిజంగా చేయమనండి, నోటీసు ఇచ్చి పగటిపూట పిలవమనండి, ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్నవాటికి పరుగెత్తి అరెస్ట్ చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెప్తూనే ఉంది కదా. బెదిరింపు పడ్డ ఆడవాళ్ళకి అకౌంట్ మూసేసుకోమని సలహా ఇవ్వొద్దని ఒక సర్క్యులర్ ఇవ్వండి. నా అకౌంట్ మూస్తే వాడు గెలిచినట్టు, పైగా మా గేటు ఎక్కడికీ పోదు, గుడి పక్క సందు ఎక్కడికీ పోదు.

అన్నిటికంటే అర్జెంటుది ఒకటుంది, ఇది చదవడం ఆపేసినా ఈ పేరా మాత్రం చూడండి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం, యూజర్ తన అకౌంట్ తీసేసినా, వాడు రిజిస్టర్ చేసుకున్న వివరాల్ని కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలి. దర్యాప్తు చేసే ఏజెన్సీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అంటే సింహం బొమ్మ వెనకున్న ఫోన్ నంబరో ఈమెయిలో ఎక్కడో సర్వర్‌లో ఉంది, అడగడానికి ఒక లెటర్ చాలు, కానీ ఆ లెటర్ నేను రాస్తే చెల్లదు, మీవాళ్ళే రాయాలి. 180 రోజులు దాటితే ఉంచాలన్న రూలు ఉండదు, ఆ తర్వాత మీరు తలుచుకున్నా దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. ఇలా రోజులు కరిగిపోతున్న కంప్లైంట్లు రెండు రాష్ట్రాల్లో ఎన్ని స్టేషన్ల సొరుగుల్లో ఉన్నాయో ఒకసారి లెక్క తీయించండి.

మా పాప ట్యూషన్ మానేసింది. నేను మాన్పించలేదు, తనే వద్దంది. సాయంత్రం నేనే ఇంట్లో లెక్కలు చెప్తున్నా, సైన్స్‌కి ఎవరూ లేరు. కుళాయి పోస్టు మాత్రం నేను తీయలేదు, అలాగే ఉంది, పైప్‌లైన్ సగం మార్చారు.

ఆ అకౌంట్ మాయమై ఈ ఉత్తరం రాసే రోజుకి 141 రోజులు. ఇంకా 39 రోజులున్నాయి సార్.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు